ఆరువందల పదకొండు మంది గొడుగు

పోయినవారం మనం మీటింగు గదిలోంచి బయటపడేసరికి గోడ మీది పెద్ద తెరలో ఒకే ఒక్క గొడుగు మిగిలి ఉంది. నల్లది, పెద్దది. దాన్ని ఆరువందల పదకొండు మంది పోగొట్టుకున్నారు. అదే గొడుగు తొమ్మిది బస్ డిపోల్లో ఐదువందల ముప్ఫైరెండుసార్లు దొరికింది. ఇంత ఊరు తిరిగిన గొడుగు, ఇంతమంది చేత తిట్లు తిన్న గొడుగు లోకంలో మరొకటి ఉండదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఒక బస్సుల కంపెనీ ఉంది. తొమ్మిది డిపోలు, ప్రతి డిపోలో పోయిన వస్తువుల గది, ప్రతి గదిలో రెండు చిట్టాలు. ఫలానాది పోయిందని వచ్చి చెప్పుకున్నవాళ్ళది ఒకటి, బస్సుల్లో దొరికిన వస్తువులది ఒకటి. రెండో డిపోలో చెప్పుకున్నవాడి గొడుగు ఎనిమిదో డిపోలో బీరువా మీద పడున్నా ఎవరికీ తెలియదు. ఈ పద్దెనిమిది చిట్టాల్నీ ఒకచోట చేర్చి, ముందుగా గొడుగుల వరకు ఏది దేనికి జతో తేల్చే పనిని మన వదిన ఉద్యోగం చేస్తున్న ఆఫీసు నెత్తికెత్తుకుంది. దీనికోసం ఆఫీసులో సర్వరంటూ ఏమీ కొనలేదు, అంతా క్లౌడే. చిట్టా ఫైలు వచ్చి పడగానే ఎక్కడో ఉన్న యంత్రాలు లేస్తాయి, అందులో ఏయే గళ్ళున్నాయో చూసి కేటలాగులో రాసుకుంటాయి, జతలు వెతుకుతాయి, మళ్ళీ పడుకుంటాయి. పని లేనప్పుడు లేచి కూర్చుని ఎవరి బుర్రా తినవు. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఒక్కరూ లేరని వదిన మొదటి వారమే అనేసింది.

వదిన అంటే ఆఫీసుకంతటికీ వదినే. కవల పిల్లల కోసం పదకొండేళ్ళు ఇంట్లో ఉండిపోయి, ఆరునెలల క్రితం మళ్ళీ ఉద్యోగంలో చేరింది. ఆమె టీమ్ లీడు స్వయానా ఆడపడుచు చిన్ని. ఇంట్లో వదినా అనడం, ఆఫీసులో పేరు పెట్టి మీరు అనడం అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. మొదటిరోజు మీటింగులోనే చిన్ని నోరు జారింది, ఆ రోజు నుంచి పాతికమందికీ ఆమె వదిన అయిపోయింది. వదినగారి ఆరునెలల పరీక్ష ఇవాళ్టితో సరి. సాయంత్రం ఐదులోగా పర్మనెంట్ కాగితం మీద సంతకం పడాలి, పడకపోతే రేపటి నుంచి రావక్కర్లేదు. చుట్టాలు చుట్టాల కాగితాల మీద సంతకం పెట్టకూడదని ఆఫీసు నియమం కాబట్టి ఆ సంతకం చిన్ని చేతిలో లేదు, మేనేజరు ఒక్కరి చేతిలోనే ఉంది. మాటకీ మాటకీ మధ్య ఒక పూట గడిచే మనిషి కావడంతో టీములో కుర్రకారు ఆయనకి మౌనిబాబా అని పేరు పెట్టుకున్నారు.

ఆ మౌనిబాబా గారే తెర మీది గొడుగుని చాలాసేపు చూసి, "పన్నెండింటికి మళ్ళీ చూద్దాం" అని మూడంటే మూడు మాటలు చెప్పి లేచి వెళ్ళిపోయారు. అప్పుడు టైము పదీ యాభై.

వదిన తన సీట్లోకి వచ్చి కూర్చుంది. గదిలో అందరూ ఆమెని చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారంటే, ఆ కష్టం చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆమెకి నవ్వు రాలేదు, భయం వేసింది. ఏ రెండు వరసలు ఒకే వస్తువు గురించో, ఏవి కావో కొన్ని వందల జతలు చూపించి ఆ యంత్రానికి నేర్పింది తనే. ప్రతి గడికీ అదేమిటో, దాని సంగతి ఎవర్ని అడగాలో కేటలాగులో వివరం రాసింది కూడా తనే. ఇంట్లో ప్రతి డబ్బాకీ చీటీ అంటించే మనిషి, ఖాళీ డబ్బాకి 'ఖాళీ' అని అంటించే మనిషి. ఇన్నేళ్ళ తర్వాత తన చాదస్తానికి జీతమిచ్చే చోటు ఒకటి దొరికిందని మురిసిపోయింది. ఈ ఉద్యోగమంటే ఆమెకి పిచ్చి ఇష్టం. పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చుని, ఎవరికీ అర్థంకాని గడి ఒకటి తీసుకుని, సాయంత్రానికి దాన్ని అందరికీ అర్థమయ్యేలా చేసి లేవడంలో ఉన్న సుఖం ఇంకెక్కడా దొరకలేదు.

అసలెక్కడ చెడిందో చూద్దామని జతలు వెతికే పని తాలూకు మార్పుల చరిత్ర తెరిచింది. ఎవరు ఏ రోజు ఏది మార్చినా అక్కడ నమోదై ఉంటుంది, ఎవరూ చెరపలేరు. పైనుంచి మూడో వరస దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

రెండు వరసలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి యంత్రం నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. తొంభై దాటితేనే జత కట్టమని వదిన హద్దు పెట్టింది. శుక్రవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి ఎవరో ఆ తొంభైని అరవై చేశారు. ఎవరో ఏమిటి, పక్కనే పేరుంది. చిన్ని.

వదినకి చెవుల దాకా వేడెక్కింది. లేచి లీడు గారి బల్ల దగ్గరికి వెళ్ళి, పదిమందికీ వినిపించేంత మర్యాదగా అడిగింది.

"మేడమ్, ఒక్క నిమిషం ప్రింటర్ గదిలోకి వస్తారా? కాగితం ఇరుక్కుంది."

ప్రింటర్ గది ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు పట్టనంత గది. తలుపు పడగానే మేడమ్ బయటే ఉండిపోయింది, లోపల చిన్ని ఒక్కతే మిగిలింది.

"హద్దు మార్చింది నువ్వేనా?"

చిన్ని ప్రింటర్ మూత ఎత్తి చూసి, మళ్ళీ వేసింది.

"నిన్నే అడుగుతున్నా చిన్నీ. అరవై పెడితే ఏమవుతుందో నీకు తెలీదా? ఇది దానిలా ఉంది, అది ఇంకోదానిలా ఉంది అనుకుంటూ అన్నీ చేతులు పట్టుకుని ఒకటైపోయాయి. ఊరందరికీ కలిపి ఒక గొడుగు మిగిల్చావు."

"తెలుసు వదినా."

"తెలిసి చేశావా? సరే చేశావు. పొద్దున తెర మీద అది పడ్డప్పుడు అందరూ నా వంక చూశారు. వాళ్ళతో పాటు నువ్వూ నా వంకే చూశావు. హద్దు సంగతి కాదు, నాకు అది కష్టంగా ఉంది."

చిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాతికమందిని అదిలించి పని చేయించే మనిషి, ఒంటి మీద ఇస్త్రీ మడత చెదరని మనిషి, చున్నీ కొసతో ముక్కు తుడుచుకుంది.

"నీ వంక చూసింది అందుక్కాదు. ఏం చెప్పాలో తెలీక చూశాను. శుక్రవారం నువ్వు పిల్లల్ని తీసుకురావడానికి వెళ్ళాక ఓసారి నడిపి చూశాను. నువ్వు పెట్టిన హద్దుతో ఎన్ని జతలు వచ్చాయో తెలుసా? సున్నా. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ సున్నా పట్టుకెళ్ళి ఆయన ముందు పెడితే నిన్ను ఉంచుతారా? అరవై చేసి చిన్న ఫైలు మీద చూస్తే తొమ్మిది వచ్చాయి. బానే ఉందనుకున్నా. ఇవాళ తొమ్మిది డిపోల ఫైళ్ళూ ఒక్కసారి పడేసరికి కొంప మునిగింది."

"సున్నా ఎందుకొస్తుంది?"

"ఇతర వివరాలు అనే గడి ఎందుకు తీసేశావు?"

"అదా? అది చూశావా నువ్వు? అంత చెత్త నేనెక్కడా చూళ్ళేదు. ఒకాయన పిడికి కట్టు అంటాడు, ఒకాయన ప్లాస్టరు అంటాడు, సగం ఖాళీ, సగం తప్పులు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని నేనే..." అంటూనే వదిన ఆగిపోయింది.

ఆ గడి తీసేస్తే గొడుగు గురించి మిగిలేదేముంది? రంగు నలుపు. సైజు పెద్దది. రెండు నల్ల పెద్ద గొడుగుల్లో ఏది ఎవరిదో తొంభై మార్కుల ధైర్యంతో చెప్పమంటే యంత్రమేం చెబుతుంది? శుభ్రం చేస్తున్నాననుకుని, ఉన్న ఆనవాళ్ళన్నీ తనే ఊడ్చి బయట పారేసింది.

"అంటే మొదటి తప్పు నాది" అంది వదిన నెమ్మదిగా.

"అదే నీకు చెప్పలేకపోయా."

"ఓసి నీ తెలివీ. నా తప్పు దాచడానికి నువ్వింకో తప్పు చేసి, రెండూ కలిపి నా నెత్తినే పడేలా చేశావు. ఫోన్ చేసి చెబితే శనివారమే దిద్దుకునేదాన్ని కదే."

"చెబితే ఏడుస్తావనుకున్నా."

"నేనా? మీ అన్నయ్యతో పదమూడేళ్ళుగా కాపురం చేస్తున్నా. ఏ రోజైనా ఏడ్చానా?"

చిన్నికి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి వదినకీ వచ్చింది. కోపం ఎటుపోయిందో వెతికినా కనబడలేదు. తన కోసం ఒక మనిషి తప్పుదారి పట్టడానిక్కూడా సిద్ధపడిందంటే, ఆ మనిషి మీద ఎంతసేపు కోపం నిలుస్తుంది చెప్పండి.

అప్పుడే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పొద్దున మీటింగుకి వచ్చిన బస్సుల కంపెనీ పెద్దావిడ నిలబడి ఉంది. ఇరవయ్యారేళ్ళుగా పోయిన వస్తువుల గదులన్నిటికీ ఆవిడే అధికారి. పన్నెండింటి దాకా ఏం చేయాలో తోచక మంచినీళ్ళు వెతుక్కుంటూ వచ్చిందట, సగం మాటలు విననే విన్నదట.

"మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?"

"వదినా ఆడపడుచులం అండీ" అంది వదిన.

"ఇంట్లో చాలక ఆఫీసులో కూడానా? మీ ఓపికకి దణ్ణం పెట్టాలి" అని పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఇతర వివరాల గడి తీసేసింది మీరేనా అమ్మా? ఆ గడిలో సగం రాతలు నావే. రంగు చూసి గొడుగుని పట్టుకోలేరు. గొడుగులన్నీ నల్లవే. దాని జబ్బేమిటో చూడాలి. ఒకదానికి పుల్ల విరిగుంటుంది, ఒకదానికి బటన్ పట్టదు, ఒకటి గాలొస్తే తిరగబడుతుంది. జబ్బు లేని గొడుగుని నేనింతవరకూ చూళ్ళేదు. అదే దాని మొహం."

వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని ప్రింటర్ గదిలోంచి తిన్నగా మీటింగు గదిలోకి నడిపించుకుపోయింది. టైము పదకొండూ పది.

తర్వాత నలభై నిమిషాలు ఆ గదిలో జరిగింది చూస్తే, అక్కడ ఒకరి ఉద్యోగం ఊడేలా ఉందని ఎవరూ అనుకోరు. తీసేసిన గడిని వదిన తిరిగి లెక్కలోకి తెచ్చింది. తొంభై హద్దుని చిన్ని యథాస్థానంలో పెట్టి, శుక్రవారం ఎందుకు మార్చిందో, ఎవర్నీ అడక్కుండా మార్చడం ఎందుకు తప్పో మార్పుల చరిత్రలోనే తన పేరుతో నాలుగు వాక్యాలు రాసింది. తర్వాత ముగ్గురూ తెర ముందు చేరి ఒక్కో జతా చూడటం మొదలుపెట్టారు. అదే గొడుగైతే అదే అనాలి, కాకపోతే కాదనాలి. యంత్రం ఆ మాట విని నేర్చుకుంటుంది.

"పోగొట్టుకున్నాయన, 'పిడి కుక్క కొరికింది' అన్నాడు. దొరికిందాంట్లో 'పిడి మీద పంటి గాట్లు' అనుంది" అని వదిన చదివింది. "కుక్క మాటే లేదు కదండీ. కాదందామా?"

"అదే అది. కుక్కని ఆయన చూశాడు, మేం చూడలేదుగా. మాకు గాట్లే కనబడతాయి. ఎవరి పళ్ళో మాకెలా తెలుస్తుంది?"

చిన్ని పక్కున నవ్వి 'అదే' నొక్కింది.

"ఇది చూడండి. 'తెరిస్తే మూసుకోదు' ఒకటి. 'మూసి ఉంది, తెరుచుకోదు' ఒకటి. ఒక గొడుగే అటూ ఇటూ మొరాయిస్తోందంటారా?" అంది వదిన.

"రెండూ వేరు. మూసుకోనిది నా గదిలోనే ఉంది. వచ్చిన రోజు నుంచీ తెరిచే ఉంది. దాని కింద కూర్చునే అన్నం తింటాను."

"ఇది ఆదివారం దొరికింది. పోయింది సోమవారం."

"పోకముందే దొరికితే ఇంకేం, మా గదులన్నీ మూసేయొచ్చు. కాదని పెట్టండి."

ఇంకో వరసలో పోగొట్టుకున్నాయన ఒక్కటే మాట చెప్పాడు. మా నాన్నది. దానికి ఎదురుగా ఏడు పాత గొడుగులున్నాయి. పెద్దావిడ ఏడింటినీ చూసి, దాన్ని మాత్రం వదిలేయమంది. ఏదో ఒకటి చేతిలో పెట్టి అదే మీ నాన్నదని చెప్పే హక్కు మనకి లేదంది. వదిన ఆ మాటని ఆ గడి వివరం కింద ఉన్నదున్నట్టు రాసుకుంది. ఆరునెలల్లో తను రాసిన వివరాలన్నిట్లోకీ అదే మంచిదని ఆమెకి ఆ క్షణమే తెలిసింది.

నూట ఇరవై జతలయ్యాయి. పదకొండూ యాభైకి చిన్ని ఫైళ్ళు మళ్ళీ పడేసింది. ఎక్కడో యంత్రాలు లేచాయి. ఇక్కడ ముగ్గురూ కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. మళ్ళీ సున్నా వస్తే ఎలా అనుకుంది వదిన. ఈసారి నెపం వేయడానికి ఎవరూ లేరు, అన్నీ తనే దగ్గరుండి చేసింది.

సరిగ్గా పన్నెండింటికి మేనేజరు చేతిలో ఒక ఫైలుతో లోపలికి వచ్చి కూర్చున్నారు. తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది. దాని కింద అంకె పడింది.

పన్నెండు.

పదకొండువందల నలభైమూడు వరసల్లో పన్నెండు జతలు. పన్నెండు గొడుగులు, ఎవరో తమని వెతుక్కుంటూ ఒక డిపోకి వెళితే, తాము ఇంకో డిపోలో ఇన్నాళ్ళుగా కాచుకుని కూర్చున్నాయి. సున్నా కాదు, ఒకటి కాదు, పన్నెండు. వదినకి లేచి గెంతాలనిపించింది. పిల్లల తల్లినని గుర్తుచేసుకుని బల్ల కింద కాళ్ళు మాత్రం ఆడించింది.

"నిజమేనా?" అన్నారు మేనేజరు.

"ఫోన్ చేసి అడుగుదాం" అంది పెద్దావిడ. పోగొట్టుకున్నవాళ్ళ పేర్లూ నంబర్లూ ఈ ఆఫీసులో ఎవరికీ కనబడవు, ఆ గళ్ళు ఆవిడకి మాత్రమే తెరుచుకునేలా వదినే కేటలాగులో ఏర్పాటు చేసింది. పెద్దావిడ బల్ల మీది ఫోను స్పీకర్‌లో పెట్టి మొదటి నంబరు నొక్కింది.

"గొడుగా? నేనెప్పుడూ పోగొట్టుకోలేదండీ" అంది అవతలి మగగొంతు. అంతలో అది రహస్యంగా మారింది. "ఆగండాగండి. కుక్క కొరికిందా? అయితే నాదే. ఆఫీసులో మర్చిపోయానని ఇంట్లో రెండేళ్ళుగా చెప్తున్నా. ఇంటికి మాత్రం పంపకండి, నేనే వచ్చి తీసుకుంటా."

రెండో నంబరు ఒక టీచరమ్మది. ఆవిడ క్లాసులో ఉంది. "పిల్లలూ, నా గొడుగు దొరికిందట" అని ఆవిడ అటు తిరిగి చెప్పగానే ఫోనులోంచి నలభైమంది చప్పట్లు వినిపించాయి. ఇక్కడ చిన్ని కూడా చప్పట్లు కొట్టేసింది. మేనేజరు పెదాలు రెండు వైపులా కొద్దిగా సాగాయి. టీములో కుర్రాళ్ళెవరైనా ఉండి ఉంటే ఫొటో తీసుకునేవాళ్ళు.

ఆయన ఫైలు తెరిచి, ఒక కాగితం బయటికి తీసి, జేబులోంచి పెన్ను తీశారు. పర్మనెంట్ కాగితం. వదిన దాన్ని తలకిందులుగానే చదివేసి గుర్తుపట్టింది.

పెద్దావిడ మూడో నంబరు నొక్కింది. మేనేజరు జేబులో ఫోను మోగింది.

ఆయన తీసి, ఇప్పుడు కాదన్నట్టు కట్ చేశారు. పెద్దావిడ మళ్ళీ నొక్కింది. ఆయన జేబు మళ్ళీ మోగింది. ఈసారి గదిలో నలుగురూ ఆ జేబు వంకే చూశారు.

"మీరు మూడేళ్ళ క్రితం మా నాలుగో డిపోకి వచ్చారా బాబూ?" అంది పెద్దావిడ.

మౌనిబాబా తెర వైపు తిరిగారు. తెర మీద మూడో జత తెరిచే ఉంది. పోగొట్టుకున్నవైపు ఇలా రాసుంది. నల్ల గొడుగు, మడతలో ముఖ్యమైన కాగితాలు. దొరికినవైపు, ఏడో డిపోలో, పెద్దావిడ రాత. నల్ల గొడుగు, ఒక పుల్ల వంకర, మడతలో ఆ రోజు నాటకానికి టికెట్లు రెండు, ఒకదాని వెనక పెన్నుతో 'ఇవాళ చెప్పి తీరాలి, భయపడకూడదు' అని ఉంది.

ఈ కథ మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళు ఈపాటికి చిన్ని మొహం వైపు తిరిగే ఉంటారు. తెలియనివాళ్ళకి నేను చెబుతాను. మూడేళ్ళ క్రితం ఈయన తన జీవితంలోకెల్లా పొడుగైన వాక్యం ఒకటి మాట్లాడారు. శనివారం నాటకం ఉంది, నేను టికెట్లు తెస్తాను, మీరు థియేటర్ మెట్ల దగ్గరికి వస్తారా అని చిన్నిని అడిగారు. చిన్ని వెళ్ళింది. గంటంపావు నిలబడింది. ఆయన రాలేదు. సోమవారం ఆఫీసులో ఆయన నేల చూపులు చూస్తే, ఆమె గోడ చూపులు చూసింది. ఆ తర్వాత ఇంట్లో ఎన్ని సంబంధాలు చూసినా చిన్ని ఒక్కదానికీ తలూపలేదు. ఎందుకో ఇంట్లో వదినకి ఒక్కతెకే తెలుసు.

"నేను రాలేదనుకున్నారు కదా" అన్నారు మేనేజరు, తెర వంకే చూస్తూ. "బస్సు దిగాక చూసుకుంటే గొడుగు లేదు. టికెట్లు అందులోనే ఉన్నాయి. చీకటి పడేదాకా డిపోలు తిరిగాను. నాలుగు డిపోలు చూశాను. ఏడోదానికి వెళ్ళలేదు."

"టికెట్లు లేకపోతే ఏం?" అంది చిన్ని. "ఉత్త చేతులతో వచ్చినా మాట్లాడేదాన్నిగా. మెట్ల మీద కూర్చునేవాళ్ళం."

"ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు. సోమవారం చెబుదామనుకున్నా. సోమవారం మీరు చూసిన చూపుకి..."

ఇన్ని మాటలు ఆయన నోటి వెంట ఒక్క పూటలో రావడం వదిన ఎప్పుడూ వినలేదు. మూడేళ్ళుగా ఒక్క మాట కోసం ఎండిపోయిన ఆడపడుచు కళ్ళలోకి వెలుగు రావడం ఇంత దగ్గర్నుంచి చూస్తోంది. పెద్దావిడ పైట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, గొడుగు తన దగ్గర భద్రంగానే ఉంది, వంకర పుల్ల మాత్రం తను సరిచేయలేదని చెప్పింది.

"అయితే సార్, ఆ సంతకం" అంది వదిన ఉండబట్టలేక. నవ్వుతూనే అంది. ఇక అడ్డేముంది?

మేనేజరు కాగితం వంక చూశారు. పెన్ను దాని మీద ఆనించారు. ఆనించి, ఆగిపోయారు.

"ఏమైంది సార్? పన్నెండు జతలు వచ్చాయి కదా?"

"మీ పని గురించి కాదు. మీ పని నేను చూసినవాటిలోకెల్లా బాగుంది." ఆయన కాగితాన్ని తిప్పి, సంతకం పెట్టాల్సిన చోటికి పైనున్న వాక్యం మీద వేలు పెట్టారు. "ఇది చదవండి."

వదిన చదివింది. ఈ ఉద్యోగికీ నాకూ మధ్య ప్రస్తుతం గానీ, త్వరలో గానీ ఎలాంటి బంధుత్వం లేదని, ఉండబోదని ధ్రువీకరిస్తున్నాను.

ఆడపడుచు మొగుడు వరసకి అన్నయ్య అవుతాడు. వదినకి ఆ లెక్క చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఈ వాక్యం కింద ఆయన సంతకం పెడితే తన ఉద్యోగం నిలుస్తుంది. పెట్టకపోతే సాయంత్రం ఐదింటికి ఈ కుర్చీ, ఈ గళ్ళు, ఈ ఆరునెలలూ పోతాయి. ఈ గదిలో ఆమె కోరుకున్నవి రెండే రెండు, ఆ రెండూ ఇప్పుడు ఒకదానికొకటి అడ్డం పడి కూర్చున్నాయి.

"అబద్ధం మీద నేను సంతకం పెట్టను" అన్నారు మేనేజరు. ఆయన చూపు వదిన మీద లేదు. "ఇది అబద్ధమో కాదో నా ఒక్కడి వల్ల తేలదు. మూడేళ్ళ క్రితం అడగాల్సిన మాట ఇప్పుడడుగుతున్నా చిన్నీ. నేను మీ వదినకి ఏమవుతాను?"

చిన్ని వదిన వంక చూసింది, గోడ మీది గడియారం వంక చూసింది, కాగితం వంక చూసింది. తర్వాత లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుంది. ఆ పెన్నుతో ఏం చేసిందో వచ్చేవారం చెబుతాను.